శుభ్రం చేయాలా? మార్చాలా?

చరిత్ర అనగానే మనకు రాజులు, కోటలు, యుద్ధాలు గుర్తుకొస్తాయి. కాని వేలంత పొడవుండే ఒక ఇనుప ముక్కకు కూడా చరిత్ర ఉంటుంది. దాని పేరు ఇంజెక్టర్.

మా నాన్న హోసూరులో బైకు మెకానిక్. 2020 ఏప్రిల్ 1 నుంచి బి.ఎస్.-6 నియమాలు అమల్లోకి వచ్చాక చాలా కొత్త బైకుల్లో కార్బురేటర్ పోయి ఇంజెక్టర్ వచ్చింది. "ఇరవై ఏండ్లు నేర్చుకున్న చేతిపని పోయినట్టే" అని నాన్న అప్పుడు చాలా దిగులుపడ్డారు. ఆ కొత్త వస్తువు ఎక్కడిదో తెలుసుకుందామని చదవడం మొదలుపెడితే, అది కొత్తదే కాదని తెలిసింది. నేను 1954 నాటి ఒక జర్మన్ స్పోర్ట్స్ కారు దగ్గరికి చేరాను.

ముందు తేడా చెబుతాను. ఇంజన్ బాగా నడవాలంటే పెట్రోలు, గాలి సరైన పాళ్లలో కలవాలి. కార్బురేటర్‌లో లోపలికి పోయే గాలే పెట్రోలును పీల్చుకుంటుంది. ఇంజెక్టర్ పద్ధతిలో పంపు పెట్రోలును ఒత్తిడితో తోస్తే, అది సన్నని రంధ్రం గుండా మంచులాగా చిమ్ముతుంది. ఎంత కావాలో అంతే కొలిచి ఇవ్వవచ్చు.

ఈ తేడా రెండో ప్రపంచ యుద్ధంలో ప్రాణాల మీదికి తెచ్చింది. 1940లో బ్రిటిష్ స్పిట్‌ఫైర్ విమానం ముక్కు ఒక్కసారిగా కిందికి వంచితే, కార్బురేటర్‌లో పెట్రోలు చెదిరి ఇంజన్ ఆగి ఆగి నడిచేది. జర్మన్ మెసర్‌ష్మిట్ విమానాల ఇంజన్లకు ఇంజెక్టర్లు ఉండేవి కాబట్టి ఆ బాధ లేదు. బ్రిటన్‌లో బియాట్రిస్ షిల్లింగ్ అనే మహిళా ఇంజనీరు 1941లో దీనికి ఒక ఉపాయం కనిపెట్టారు. ఆమె పెట్టింది ఒక చిన్న రంధ్రం ఉన్న లోహపు బిళ్ళ మాత్రమే! పెట్రోలు అవసరానికి మించి పొంగకుండా అది ఆపింది. ఆమె మోటారు సైకిల్ పందేల్లో కూడా పాల్గొన్నారు.

యుద్ధం అయిపోయాక విమాన ఇంజన్లలో నేర్చుకున్న విద్య జర్మనీలో కార్లకు వచ్చింది. మెర్సిడెస్ బెంజ్ 300 ఎస్‌ఎల్ అనే పందెం కారు 1952లో ఫ్రాన్స్‌లోని ల మాన్ పందెం గెలిచింది. అప్పుడు దానికి కార్బురేటర్లే. 1954 ఫిబ్రవరిలో న్యూయార్క్ ప్రదర్శనలో మామూలు జనం కొనుక్కునే 300 ఎస్‌ఎల్ బయటికి వచ్చింది. దాని 3 లీటర్ల, 6 సిలిండర్ల ఇంజన్‌కు బాష్ కంపెనీ ఇంజెక్షన్ పంపు, ఆరు ఇంజెక్టర్లు పెట్టారు. శక్తి 215 అశ్వశక్తి. రోడ్డు కారు పందెం కారునే మించిపోయింది! తలుపులు పక్షి రెక్కల్లాగా పైకి తెరుచుకునే ఆ కార్లు 1957 వరకు 1,400 మాత్రమే తయారయ్యాయి.

ఐతే దానికి ఒక లోపం ఉండేది. పంపు ఇంజన్‌తో పాటే తిరిగేది. తాళం తిప్పి ఆపేసినా, ఇంజన్ పూర్తిగా నిలిచే దాకా పెట్రోలు చిమ్ముతూనే ఉండేది. మండని పెట్రోలు సిలిండర్ గోడల మీది ఆయిల్‌ను కడిగేసి, కిందికి దిగి ఇంజన్ ఆయిల్‌లో కలిసేది. దగ్గర దగ్గర తిరిగితే ఇంజన్ సరిగా వేడెక్కదు, కలిసిన పెట్రోలు ఆవిరి కాదు. ఆయిల్ పలచబడి ఇంజన్ అరిగిపోతుంది.

ఇప్పుడు ఆ కార్లకు డెబ్భై ఏళ్లు. ఇంజెక్టర్ కొనకు మసి పడుతుంది. ఏళ్ల తరబడి నిలవున్న పెట్రోలు జిగురులాగా మారి రంధ్రాన్ని మూసేస్తుంది. అప్పుడు పెట్రోలు మంచులాగా చిమ్మదు, చుక్కలుగా కారుతుంది. ఆరింటినీ విప్పి, ఒక్కొక్కదాన్ని పరీక్ష పంపుకు బిగించి చూస్తారు. ఎంత ఒత్తిడికి తెరుచుకుంటుంది, ఎలా చిమ్ముతుంది, తర్వాత కారుతుందా? ఆరూ ఒకేలా ఉండాలి. ఆ చిమ్మే ధార చర్మంలోకి కూడా దూరిపోగలదు కాబట్టి చెయ్యి అడ్డం పెట్టకూడదు. శుభ్రం చేయడానికి తీగతో పొడవకూడదు, రంధ్రం పెద్దదైపోతుంది. శబ్ద తరంగాలతో ద్రవాన్ని కదిలించే తొట్టిలో వేసి మసి వదిలిస్తారు. మళ్లీ బిగించేటప్పుడు కొత్త వాషర్లు వేస్తారు.

ఇక్కడే అసలు ప్రశ్న వస్తుంది. శుభ్రం చేయాలా, కొత్తవి మార్చాలా? అన్నీ మార్చేస్తే కారు బాగా నడుస్తుంది, కాని 1954 నాటి పనితనం చెత్తబుట్టలోకి పోతుంది. పాతదాన్ని ముట్టుకోవద్దంటే, కారుతున్న ఒక్క ఇంజెక్టర్ సిలిండర్‌నే పాడు చేస్తుంది. చిన్నదాన్ని కాపాడబోయి పెద్దదాన్ని పోగొట్టుకున్నట్టు అవుతుంది. నాన్నను అడిగితే, "ముందు కడిగి చూడాల, కుదరలేదంటేనే మార్చాల" అన్నారు. నాకూ అదే సరి అనిపించింది. ఇంకొక మాట నేను చేర్చాను. మార్చిన పాత ముక్కను పారేయకుండా, ఎప్పుడు ఎందుకు తీశారో చీటీ రాసి కారుతోనే ఉంచాలి. అప్పుడు కారూ నడుస్తుంది, చరిత్రా మిగులుతుంది.

1967లో బాష్ కంపెనీ ఫోక్స్‌వ్యాగన్ కార్లలో కరెంటుతో తెరుచుకునే ఇంజెక్టర్లు పెట్టింది. నేటి బైకుల్లో ఉన్నవి ఆ పద్ధతివే. మన పక్కనే బెంగళూరు ఆడుగోడిలో ఒకప్పుడు ఉన్న, అందరూ మైకో అనే ఫ్యాక్టరీ కూడా ఆ కంపెనీదే. 1951లో మొదలైన మైకో డీజిల్ ఇంజెక్షన్ పంపులకు పేరు పొందింది. రోజూ బస్సులో ఆ చోటు ముందు నుంచి పోయేవాళ్లలో ఈ కథ ఎందరికి తెలుసు?

నేను చదివిందంతా నాన్నకు చెప్పాను. ఇప్పుడు మా షాపులో కూడా ఇంజెక్టర్లు కడిగే చిన్న తొట్టి ఉంది. కార్బురేటర్ సన్న రంధ్రాలను ఓపికగా శుభ్రం చేసిన ఆ చేతులకు ఈ పని అంత కష్టం కాలేదు. వస్తువు మారింది గాని, నాన్న నేర్చుకున్న పని పోలేదు.