ఊరి మాట ఊరోళ్లు అంటరా?

మంట దగ్గరికి జరుగుండ్రి బిడ్డా, మాటల సంగతి చెప్త. సినిమాలల్ల, టీవీలల్ల తెలంగాణ మాటలని కొన్ని వినవడుతున్నయి. ఆనిగెపుకాయ, పుంటికూర, దవాఖాన, దస్తీ, లొల్లి, జర, గిట్ల, గట్ల. "తాతా, ఇవన్నీ మీరు నిజంగ అంటరా?" అని పట్నంల పెరిగిన పిల్లలు అడుగుతున్నరు. అడగాల్సిన మాటే.

అంటం. నమ్మకపోతే వారం అంగడికి పోయి నిలబడుండ్రి. "ఆనిగెపుకాయ ఎట్లిస్తున్నవే? లేతదేనా?" అని గోరుతోని గిచ్చి చూసే అవ్వ కనవడ్తది. సొరకాయ అంటే ఆమెకు తెలువదని కాదు, ఆమె నోటికి వచ్చే మాట ఇదే. పుంటికూర, ఉల్లిగడ్డ, ఎల్లిగడ్డ, ఆలుగడ్డ, మక్కలు, పల్లికాయ, ఇవన్నీ పొద్దున లేస్తే అనే మాటలు. ఒక్క మన దిక్కే ఇట్లనుకోకుండ్రి. నేను తిరుపతికి పోయినప్పుడు ఆడ ఉల్లిగడ్డను ఎర్రగడ్డ అన్నరు, ఎల్లిగడ్డను తెల్లగడ్డ అన్నరు. మన బర్రె కోస్తాల గేదె, సీమల ఎనుము. ఏ ఊరోళ్లకు ఆ ఊరి మాట సొంతం.

దవాఖాన, దస్తీ, కిరాయి, పరేషాన్ ఉర్దూ మాటలు గదా, తెలుగు ఎట్లయితయని కొందరంటరు. 1948 దాక మన తెలంగాణ నిజాం రాజ్యంల ఉండె. కచేరిల ఉర్దూ, పెద్ద చదువుల ఉర్దూ. 1918ల పెట్టిన ఉస్మానియా యూనివర్సిటీల పాఠాలు చెప్పింది ఉర్దూలనే. ఆ మాటలు మన ఇండ్లల్లకు రాకుంట ఎట్లుంటయి? ఇంకొకటి చెప్త. జిల్లా, తాలూకా, దరఖాస్తు, ఆఖరికి రైతు అనే మాట గూడ ఆ దిక్కునుంచి వచ్చిందే. వాటిని రెండు రాష్ట్రాలల్ల అందరూ అంటరు. రైతు తెలుగయినప్పుడు దవాఖాన గూడ తెలుగే.

అయితే సినిమాలల్ల చూపెట్టినట్టు మేం మాట్లాడం. ప్రతి మాటకు ముంగట గ తగిలిచ్చి, ఎనుక ర తగిలిస్తే తెలంగాణ భాష కాదు. చెయ్యి చూపెట్టి చెప్పేటప్పుడు, గట్టిగ చెప్పేటప్పుడు గిట్ల, గట్ల అంటం, మిగతా యాళ్ల ఇట్ల, అట్ల అంటం. పెద్దోళ్లతోని మాట్లాడితే ర రానే రాదు. తెలంగాణంత ఒక్క తీరుగ గూడ ఉండదు. మా దిక్కు "వచ్చిన" అంటం, కరీంనగర్ దిక్కు "అచ్చిన" అంటరు. ఏ జిల్లా యాస ఆ జిల్లాదే.

కొన్ని మాటలు పోయినయి, అదీ నిజమే. నా చిన్నప్పుడు బావి మీద మోట ఉండె. ఎడ్లు ఏటవాలు దారిల కిందికి దిగుకుంట మోకు గుంజితే బొక్కెన పైకి లేచేది, తొండంలకెళ్లి నీళ్లు తొట్టిల దబదబ పడి కాలువ పట్టేటివి. గిరక కిర్రుకిర్రుమని ఊరంత వినవడేది. అంబటాల్ల అయితే ఎడ్లనిప్పి మా నాయిన అంబలి తాగేటోడు. అంబలి తాగే యాళ్లనే అంబటాల్ల. కరెంటు మోటార్లు వచ్చినయి, మోట పోయింది. మోట పని మీద అనే మోకు, తొండం మాటలు గూడ దాని ఎనుకనే పోయినయి. అంబలి తాగుడు తగ్గినంక అంబటాల్ల అంటే మీకు అర్థమే కాకపాయె. ఎవలో వద్దంటే పోలేదు అవి, పని పోతే పోయినయి.

మరి బతికున్న మాటలను గూడ కొత్తోళ్ల ముంగట దాచుడెందుకు? దానికి కారణం సిగ్గు. మా బడిల ఒక పంతులు "ఆనిగెపుకాయ" అన్న పిల్లగాన్ని నిలబెట్టి అందరి ముంగట నవ్విచ్చిండు. ఆ పిల్లగాడు ఆ దినం నుంచి బడిల నోరు తెరువలే. అసుంటి పిల్లలు మా తరంల ఊరికిద్దరు ముగ్గురు ఉన్నరు. అందుకే కొత్త మనిషి వచ్చి "మీరు ఇట్లంటరా?" అని అడిగితే "లేదు సార్, మేమట్ల అనం" అంటరు. ఆయన అటు పోంగనే ఇటు అదే మాట అంటరు. ఆఫీసుల "వచ్చానండి", ఇంట్ల అమ్మతోని "వచ్చిన్నే".

భద్రిరాజు కృష్ణమూర్తి గారి అసుంటి భాషా పండితులకు అసలు మాట పనిచేసేటోళ్ల నోట్లనే ఉంటదని తెలుసు. జిల్లాల పొంటి రైతుల నోటి మాటలను ఏరి 1962ల మాండలిక వృత్తిపదకోశం మొదటి సంపుటం తెచ్చిండ్రు, అదంత ఎవుసం మాటలే. తర్వాత నేతోళ్ల మాటలతోని ఇంకో సంపుటం వచ్చింది. మాట కావాల్నంటే పని చేసేటోని దగ్గరికే పోవాలె.

సెప్టెంబర్ 9 కవి కాళోజీ పుట్టినరోజు, తెలంగాణ భాషా దినోత్సవం. ఆ దినం సభలు పెట్టుడు మంచిదే. కని భాష సభల బతుకది, ఇంట్ల బతుకుతది. మీ అవ్వతోని ఫోన్ల మాట్లాడేటప్పుడు ఊరి మాటనే మాట్లాడుండ్రి. మీ పిల్లగాడు దస్తీ అంటే కర్చీఫ్ అనుమని దిద్దకుండ్రి. రెండూ నేర్పుండ్రి, మొదలు మాత్రం దస్తీనే నేర్పుండ్రి.