చదరంగపు యంత్రముల బలాబలములు

2022 సెప్టెంబరులో ఛత్తీస్‌గఢ్ రాజధాని రాయ్‌పూరులో అంతర్జాతీయ గ్రాండ్‌మాస్టర్ల చదరంగపు పోటీ జరిగినది. ఇట్టి పోటీలలో ఆటగాని పేరు ప్రక్కన అతని బలమును తెలుపు అంకె యొకటి ఉండును. ఆర్పాడ్ ఎలో కల్పించిన ఈ పద్ధతిని అంతర్జాతీయ చదరంగ సమాఖ్య 1970లో స్వీకరించినది. మనుష్యులు ఒకే నియమమునకు, ఒకే గడియారమునకు లోబడి ఆడుదురు గనుక ఆ కొలతపై నమ్మకము నిలిచినది. మరి యంత్రములను ఏ త్రాసులో తూచవలెను?

ఈ ప్రశ్నకు ఒక సమాధానము అమెరికాలోని కార్నెగీ మెలన్ విశ్వవిద్యాలయమున లభించినది. చిత్తూరు జిల్లా కాటూరులో జన్మించిన మన రాజ్ రెడ్డి రోబోటిక్స్ సంస్థను తీర్చిదిద్దినది అక్కడనే. 1980లో అక్కడ ఏర్పడిన ఫ్రెడ్కిన్ బహుమతులలో ఒకదానికి నియమమేమనగా, మనుష్యులతో ఆడిన 25 ఆటలలో యంత్రము 2500 స్థాయిని చూపవలెను. ఒక్క విజయము యాదృచ్ఛికము కావచ్చునన్న వివేకము ఆ నియమములో కలదు. అక్కడి విద్యార్థులు నిర్మించిన డీప్ థాట్ 1989లో ఆ బహుమతిని గెలుచుకొన్నది. అయినను అదే సంవత్సరము కాస్పరోవ్ దానిని రెండాటలలోను ఓడించెను.

1997లో డీప్ బ్లూ అతనిని మూడున్నర, రెండున్నర పాయింట్ల తేడాతో జయించినది. ఆడినవి ఆరు ఆటలే. కాస్పరోవ్ మరల పోటీ కోరినను అది జరుగలేదు. విజయము నిజమే, బలాబలముల తీర్పు మాత్రము అసంపూర్ణముగనే మిగిలినది.

2017 డిసెంబరులో ఆల్ఫాజీరో స్టాక్‌ఫిష్‌తో నూరు ఆటలాడి 28 గెలిచి, తక్కినవి సమము చేసినదని ప్రకటన వెలువడినది. ఎత్తుకు ఒక్క నిమిషమే కేటాయించుట, స్టాక్‌ఫిష్‌కు స్వల్పమైన జ్ఞాపకస్థానము నిచ్చుట న్యాయము కాదని పలువురు ఆక్షేపించిరి. 2018లో ప్రకటించిన వేయి ఆటల పోటీలో కాలనియమమును మార్చిరి. ఆల్ఫాజీరో 155 గెలిచి, 6 ఓడినది. గెలుపు దానిదే అయినను, ఓటమి యెరుగని దన్న ఖ్యాతి నిలువలేదు.

కనుక న్యాయమైన తూనికకు సమానమైన యంత్రసామగ్రి, సమానమైన కాలము కావలెను. ప్రతి ప్రారంభమును తెల్లపావులతో ఒకసారి, నల్లపావులతో ఒకసారి ఇరుపక్షములు ఆడవలెను. సందేహమును సగమునకు తగ్గింపవలెనన్న ఆటల సంఖ్యను నాలుగింతలు చేయవలెను. యంత్రములు తమలో తాము ఆడి పొందిన అంకెను మనుష్యుల పట్టికలోని అంకెతో పోల్చరాదు. ఆ అంకె తన పట్టికలోని వారి మధ్య భేదమును మాత్రమే తెలుపును. ఏ పరిస్థితులలో లభించినదో చెప్పని అంకెను పాఠకుడు తీర్పుగా గ్రహింపనక్కర లేదు.