తేనెటీగ హోటలు

అమెరికా హాంబర్గర్ కంపెనీ ఏ దేశంలో అడుగుపెట్టినా అక్కడి హోటళ్ళు మూటాముల్లే సర్దుకోవలసిందేనని చాలామంది నమ్మకం. ఫిలిప్పీన్స్‌లో మాత్రం ఆ పప్పులు ఉడకలేదు. అక్కడ జాలీబీ అనే సొంత హోటలు ఒకటుంది. గుమ్మంలో ఎర్రకోటు తొడుక్కుని, వంటవాడి తెల్లటోపీ పెట్టుకుని నవ్వుతూ ఓ తేనెటీగ బొమ్మ నిలబడి ఉంటుంది. ఆ తేనెటీగని చూస్తే చాలు, ఏడుస్తున్న పిల్లలు ఏడుపు మానేస్తారట!

దాని లాభనష్టాల లెక్కలు వ్యాపారం పేజీల్లో ఎలాగూ వస్తాయి. నన్ను ఆకట్టుకున్నది అక్కడి తీపి స్పఘెట్టి. స్పఘెట్టి అంటే తెలుసుగా, మన సేమ్యాకి పెదనాన్నలాంటిది. ఇటలీవాళ్ళు టమాటా పులుసుతో పుల్లపుల్లగా తింటారు. ఫిలిప్పీన్స్‌లో అదే వంటకం తియ్యగా ఉంటుంది. అందులో ఎర్రటి సాసేజి ముక్కలు, పైన తురిమిన చీజు. (శాకాహారులు ఈ నాలుగు ముక్కలూ చదవలేదనుకోండి.) ఇటలీవాడు చూస్తే గుండెలు బాదుకుంటాడేమో గాని, అక్కడ పుట్టినరోజంటే ఈ తీపి స్పఘెట్టి ఉండి తీరాలి.

ముందు హోటలు సంగతి చెబుతాను. టోనీ టాన్ కక్‌తియోంగ్ తల్లిదండ్రులు చైనా నుంచి వలస వచ్చినవాళ్ళు. తండ్రి మొదట మనీలాలో ఓ చైనా గుడిలో వంటచేసేవాడు. కొడుకు కెమికల్ ఇంజనీరింగు చదివి, 1975లో, ఇరవై రెండేళ్ళ వయసులో, మనీలా పక్కనే క్యూబావోలో ఐస్‌క్రీము దుకాణం పెట్టాడు. వచ్చినవాళ్ళు ఐస్‌క్రీము కన్నా వేడివేడిగా ఏమైనా ఉందా అని అడగడం మొదలుపెట్టారు. అడిగింది వండిపెట్టేవాడే హోటలువాడు. అతనికా సూక్ష్మం తెలుసు. 1978లో జాలీబీ కంపెనీ పుట్టింది. తేనెటీగలా కష్టపడాలి, అయినా కులాసాగా ఉండాలి, అదీ ఆ పేరుకి అర్థం.

మెక్‌డొనాల్డ్స్ 1981లో మనీలా చేరింది. దుకాణం కట్టేసి వేరే వ్యాపారం చూసుకోమని టోనీకి హితవు చెప్పినవాళ్ళున్నారు. అతను తన వాళ్ళ నాలుకని నమ్ముకున్నాడు. మాంసంలోనే మసాలా దట్టించి, కాస్త తీపి తగిలించి బర్గరు చేశాడు. వేయించిన కోడితో పాటు కాగితంలో పొట్లం కట్టిన వేడన్నం ఇచ్చాడు. అన్నం లేనిదే తిన్నట్టుండని జాతి అది, అచ్చం మనలాగే. చివరికి అమెరికా హోటలే దారికొచ్చి, అక్కడి తన కొట్లలో కోడీ అన్నమూ, తియ్యటి స్పఘెట్టీ పెట్టింది!

ఇంతకీ ఆ తీపి ఎక్కణ్ణుంచి వచ్చింది? నాకు కథంతా ఇక్కడే ఉంది.

ఫిలిప్పీన్స్ 1898 నుంచి దాదాపు అర్ధశతాబ్దం అమెరికా ఏలుబడిలో ఉంది. స్పఘెట్టీ, టమాటా కెచప్పూ ఆ రోజుల్లోనే వాళ్ళ వంటింట్లో చేరాయి. కెచప్ పైనుంచి రావాలి. అరటిపళ్ళు మాత్రం ఎక్కడ చూస్తే అక్కడే. ఆ అరటిపళ్ళతోనే కెచప్ చేసిన ఘనత మరియా ఒరోసా అనే ఆవిడకి దక్కింది. అరటిగుజ్జు, వెనిగరు, పంచదార, మసాలా, ఆపైన ఎర్రరంగు. ఇంట్లో చేసుకునే స్పఘెట్టికి తీపి అంటించింది ఈ కెచప్పే. హోటలువాడు ఆ రుచినే అందిపుచ్చుకున్నాడు.

ఒరోసా 1893లో పుట్టింది. అమెరికాలో సియాటిల్ వెళ్ళి ఆహార రసాయన శాస్త్రం చదువుకుని, 1922లో స్వదేశం తిరిగొచ్చింది. అక్కడే ఉండిపోయి హాయిగా ఉద్యోగం చేసుకోవచ్చుగా? వచ్చి, పల్లెటూరి ఆడవాళ్ళకి పళ్ళు నిలవచెయ్యడం నేర్పింది. కరెంటు లేని ఇళ్ళకోసం మట్టికుండతో ఓవెన్ తయారుచేసింది. యుద్ధంలో జపాను సైన్యం మనీలాని పట్టుకుని, అమెరికన్లు మొదలైన విదేశీయులని సాంటో టోమాస్ విశ్వవిద్యాలయం ఆవరణలో బంధించింది. ఆకలితో మాడుతున్న ఆ ఖైదీలకి ఒరోసా సోయా పొడీ, తవుడు బిస్కట్లూ దొంగచాటుగా చేరవేయించింది. 1945 ఫిబ్రవరి 3న ఆ ఖైదీలకి విడుదల దొరికింది. సరిగ్గా పది రోజులకి, ఫిబ్రవరి 13న, మనీలా యుద్ధంలో గుండు ముక్క తగిలి ఆవిడ చనిపోయింది. ఊరు ఖాళీ చేసి వెళ్ళిపొమ్మని ఇంట్లోవాళ్ళు పోరినా వెళ్ళలేదు. అన్నట్టు, మన టోనీ ఇంజనీరింగు చదివింది ఆ సాంటో టోమాస్‌లోనే.

మనీలాలో ఓ వీధికి ఆవిడ పేరుంది. కాని ఆవిడ కెచప్పు వీధి దాటి, సముద్రాలు దాటి పోయింది. ఫిలిప్పీన్స్ ఆడవాళ్ళు నర్సులుగా, ఇంటిపని మనుషులుగా దేశదేశాలకి వెళుతుంటారు. తన పిల్లల్ని అమ్మమ్మ దగ్గర వదిలి, పరాయి పిల్లలకి తినిపించే తల్లులు హాంకాంగ్‌లో ఎందరో. ఆదివారం వాళ్ళకి సెలవు. సెంట్రల్ అనే ప్రాంతంలో పెద్దపెద్ద బ్యాంకుల భవనాల నీడన అట్టముక్కలు పరుచుకుని గుంపులుగా కూర్చుంటారు. జడలు వేసుకుంటారు, పాడుకుంటారు, ఇంటికి పంపే సామాన్లు డబ్బాల్లో సర్దుకుంటారు. జాలీబీ ఆ ఊళ్ళోనూ వెలిసింది. 1998లో శాన్‌ఫ్రాన్సిస్కో పక్కన డేలీ సిటీలో అమెరికాలో మొదటి కొట్టు తెరిచారు. ఆ ఊరినే ఎందుకు ఎంచుకున్నారంటే అక్కడ ఫిలిప్పీన్స్‌వాళ్ళు ఎక్కువ.

ఇలాంటిదే గ్వాటెమాలాలో పోల్యో కాంపెరో అనే కోడి వేపుడు హోటలు. 1971లో మొదలైంది. బంధువులకోసం అమెరికా వెళ్ళేవాళ్ళంతా ఆ వేపుడు పెట్టెలు చంకన పెట్టుకుని ఎక్కేవారట, విమానమంతా ఘుమఘుమ! 2002లో లాస్ ఏంజిలస్‌లోనే కొట్టు తెరిచారు. మన ఆవకాయ సీసాలు బట్టల మధ్య చుట్టి పంపేవాళ్ళం, మనకి నవ్వే హక్కు లేదు.

ఆదివారం హాంకాంగ్‌లో అట్టముక్క మీద కూర్చున్న ఆ తల్లి ఒక చేత్తో తీపి స్పఘెట్టి డబ్బా పట్టుకుని, రెండో చేత్తో ఫోను ఎత్తి పిల్లలకి చూపిస్తుంది. అవతల మనీలాలో వాళ్ళు కూడా అదే తింటూ ఉంటారు.