ఆడపిల్ల పేరు: నాగనిక నుంచి నేటి బారసాల దాకా

చిక్కడపల్లి, నారాయణగూడ, అశోక్‌నగర్ ఇళ్లల్లో బారసాలలకు వెళితే జానకి, వైదేహి, సుభద్ర, అహల్య అనే పేర్లు మళ్లీ చెవిన పడుతున్నాయి. ఒకప్పుడు మరీ పాతకాలమని పక్కన పెట్టిన పేర్లే ఇవి. సంతోషించవలసిన సంగతే. అయితే పాత పేరంటే ఏ కాలంనాటి పేరు? తెలుగు నేలను ఏలిన రాజవంశాల ఆడవాళ్ల పేర్లు రెండు వేల ఏళ్లుగా రాతిమీద ఉన్నాయి. ఆ దారిని ఒకసారి వెనుదిరిగి చూస్తే, తిరిగి తెచ్చుకుంటున్నది ఎంత కొంచెమో తెలుస్తుంది.

శాతవాహన రాణి నాగనిక పేరు నానేఘాట్ శాసనంలో ఉంది. గౌతమీ బాలశ్రీ పేరు నాసిక్ గుహలో ఉంది. ఆ వంశపు రాజులు గౌతమీపుత్ర, వాసిష్ఠీపుత్ర అంటూ తల్లి గోత్రనామాన్ని తమ పేరుకు ముందు పెట్టుకున్నారు. మూడో శతాబ్దంలో నాగార్జునకొండ లోయలో మహాచైత్యం కట్టించిన చాంతిసిరి ఇక్ష్వాకు రాజు తోబుట్టువు. అక్కడే బోధిసిరి అనే ఉపాసిక దానాల చిట్టా కూడా రాతిమీద చదవవచ్చు. ఇవాళ పాపకు సిరి అని పెట్టి కొత్త పేరనుకుంటున్న తల్లిదండ్రులు నిజానికి పదిహేడు వందల ఏళ్ల పేరు పెడుతున్నారు.

కాకతీయుల కాలానికి వస్తే నాకు మరీ ఇష్టమైన ఘట్టం. గణపతిదేవుడి చెల్లెలు మైలమ బయ్యారం చెరువు తవ్వించింది. రుద్రమదేవి కూతుళ్లు ముమ్మడమ్మ, రుయ్యమ్మ. శాసనాలు రాసిన పండితులు మైలమను మైలాంబగా దిద్దారు గానీ, ఇంట్లో పిలుపు మాత్రం ఊళ్లో పిలుపే. కోటలోని ఆడపిల్లకూ పొలంలోని ఆడపిల్లకూ పేరు ఒకే అచ్చులో పోసినట్టుండేది. తర్వాత మొల్ల, తాళ్లపాక తిమ్మక్క కావ్యాలు రాసినా ఆ పేర్లతోనే రాశారు.

ఆ తర్వాత శతాబ్దాలపాటు పేరు వింటే ఊరు తెలిసేది. యాదగిరిగుట్ట చుట్టుపక్కల యాదమ్మ, కొమురవెల్లి వైపు కొమురమ్మ, మేడారం వైపు సమ్మక్క, కరీంనగర్ పల్లెల్లో రాజవ్వ, మల్లవ్వ. కోటప్పకొండ దగ్గర కోటేశ్వరమ్మ, బెజవాడలో కనకదుర్గ, అన్నవరం దిక్కున సత్యవతి, విజయనగరంలో పైడితల్లి. క్రైస్తవ కుటుంబాల్లో కరుణమ్మ, సువార్తమ్మ. పుట్టిన పిల్లలు దక్కని ఇంట్లో పెంటమ్మ, పుల్లమ్మ, తవిటమ్మ అని పెట్టేవారు. చెత్తకుప్ప మీద పడేసి తెచ్చుకున్నామనో, దోసెడు తవుడుకు కొనుక్కున్నామనో చెబితే మృత్యువు కన్నెత్తి చూడదని నమ్మకం. ఈ పేర్లు వింటే నవ్వొచ్చేవాళ్లు, ఆ తల్లి అంతకుముందు ఎంతమంది బిడ్డల్ని మట్టికి ఇచ్చిందో తలుచుకోవాలి.

ఇంకొక నష్టం ఉంది. పుట్టింటి పేరు అత్తవారి గడప దాటి లోపలికి రావడం చాలామందికి కుదరలేదు. కందుకూరి వీరేశలింగం భార్య రాజ్యలక్ష్మి అసలు పేరు బాపమ్మ. తెలంగాణ పోరాట నాయకురాలు ఆరుట్ల కమలాదేవి పుట్టింట్లో రుక్మిణి.

నారాయణగూడలో మాడపాటి హనుమంతరావు బాలికల పాఠశాల 1928లో మొదలైంది. ఉర్దూ రాజ్యమేలుతున్న రోజుల్లో ఆడపిల్లలకు తెలుగులో చదువు చెప్పిన బడి అది. ఆ తరం హైదరాబాద్ మహిళలను చూడండి: యల్లాప్రగడ సీతాకుమారి, నందగిరి ఇందిరాదేవి, ఇల్లిందల సరస్వతీదేవి, సంగెం లక్ష్మీబాయి. పేరు చివర 'అమ్మ' పోయి దేవి, కుమారి, బాయి వచ్చాయి. 1931లో పుట్టిన మల్లు స్వరాజ్యానికైతే దేశం కోరికనే పేరుగా పెట్టారు.

1956లో రాజధాని కర్నూలు నుంచి హైదరాబాద్‌కు వచ్చాక చిక్కడపల్లి, అశోక్‌నగర్ వీధుల్లో ఉద్యోగుల కుటుంబాలు దిగాయి. ఒకే వాకిట్లో ఇటు కొమురమ్మ, అటు కనకదుర్గ. వాళ్ల కూతుళ్లకు మాత్రం గుడి కన్నా నవల, సినిమా దగ్గరయ్యాయి. యద్దనపూడి సులోచనారాణి 'సెక్రటరీ' 1966లో వచ్చింది. అందులో నాయిక జయంతి. ఆ పైన శైలజ, మాధవి, శిరీష, స్వాతి, ఆ తర్వాత మౌనిక, ప్రత్యూష, హారిక. సాఫ్ట్‌వేర్ ఉద్యోగాలతో అమెరికా ప్రయాణాలు పెరిగాక, అక్కడివాళ్ల నోరు తిరగాలన్న లెక్క కూడా చేరి పేరు రెండక్షరాలకు కుదించుకుపోయింది.

ఇక తిరుగు ప్రయాణం. 2017లో 'ఫిదా' సినిమాలో బాన్సువాడ పిల్ల పేరు భానుమతి. కుర్రకారు ఆ పేరును మురిపెంగా పలికారు. ఇంగ్లండులో, అమెరికాలో కూడా ఎల్సీ, హేజెల్ వంటి ముత్తవ్వల పేర్లు ఇలాగే మళ్లీ వచ్చాయి. తల్లి పేరు పాతగా తోస్తుంది, ఆమె నాయనమ్మ పేరు కొత్తగా మెరుస్తుంది.

కానీ మన దగ్గర తిరిగివస్తున్నవి దాదాపుగా పురాణాల పేర్లే. వైదేహికి దొరికిన ఆహ్వానం ఎల్లమ్మకు లేదు. ఇత్తడి పళ్లెంలో బియ్యం పోసి, బంగారపు ఉంగరంతో పేరు రాసే వేళ చిక్కడపల్లి ఫ్లాట్లలో ఈ మాటలు వినిపిస్తాయి. "అత్తమ్మా, మీ పేరే పెడదామనుకుంటున్నం" అని కోడలు. "వద్దు బిడ్డా, బళ్లె పోరగాండ్లు నగుతరు. నక్షత్రానికి ఏ అచ్చరం వచ్చిందో అది పెట్టుండ్రి" అని మల్లమ్మ. బతుకంతా మోసిన పేరును తానే వద్దనడం నాకు గుండె కలుక్కుమనిపిస్తుంది. ఆ భయం ఆమెకు మనం నేర్పిందే. నారాయణగూడకు దగ్గర్లోనే, కోఠి మహిళా విశ్వవిద్యాలయానికి 2024లో తెలంగాణ పోరాట యోధురాలు చాకలి ఐలమ్మ పేరు పెట్టారు. అక్కడ చదివే ఆడపిల్లల పట్టాల మీద ఉండే పేరు అది. విశ్వవిద్యాలయానికి తగిన పేరు ఉయ్యాలలోని పాపకు తగదా?

ఒకప్పుడు పేరు మార్చుకోవడం తేలిక. ఇంట్లో ఒక పేరు, బడిలో వేసేటప్పుడు పంతులుగారు రాసిన పేరు ఇంకొకటి. ఇప్పుడు 2023 అక్టోబర్ 1 నుంచి పుట్టిన పిల్లలకు బడి ప్రవేశం నుంచి పాస్‌పోర్టు దాకా జనన ధ్రువపత్రమే ఆధారం. అయితే జననాన్ని పేరు లేకుండా నమోదు చేయించి, ఏడాదిలోపు రుసుము లేకుండా పేరు రాయించుకునే వీలు చట్టంలో ఉంది. తొందరేమీ లేదు. ఆ ఏడాదిలో నాయనమ్మను, అమ్మమ్మను కూర్చోబెట్టి వాళ్ల తల్లుల పేర్లు, ఆ తల్లుల తల్లుల పేర్లు అడగండి. పెళ్లికి ముందు పేరు వేరేదైతే అదీ అడిగి రాసుకోండి. పంచాంగం చెప్పిన అక్షరంతో పాటు ఆ కాగితాన్ని కూడా పళ్లెం పక్కన పెట్టుకుని, అప్పుడు ఉంగరం అందుకోండి.