కచేరీలో పంచిన మందు: వింత ప్రచారం పుట్టుపూర్వోత్తరాలు

రాయ్‌పూర్‌లో పండరీ అనగానే ఛత్తీస్‌గఢ్ వాళ్లకు గుర్తొచ్చేది బట్టల బజారు. టోకు కొట్లూ చిల్లర కొట్లూ గోడకు గోడ ఆనించుకుని ఉంటాయి. సూరత్ నుంచి వచ్చిన ఒకే రకం చీర పది కొట్లలో కనిపిస్తుంది. ధరలో తేడా రూపాయల్లోనే. ఇలాంటి చోట కొత్తగా కొట్టు తెరిచినవాడికి మొదటిరోజు నుంచీ ఒకటే బెంగ: జనం పక్క కొట్టు దాటి నా గడప ఎందుకు తొక్కాలి? బోర్డు పెద్దది చేస్తే పక్కవాడు ఇంకా పెద్దది పెడతాడు. ధర తగ్గిస్తే సాయంత్రానికల్లా అతనూ తగ్గిస్తాడు. అందుకే ఎవరూ చెయ్యని పని ఏదైనా చేసి జనం కళ్లలో పడాలనే ఆలోచన వస్తుంది. అమెరికాలో జే కాన్రాడ్ లెవిన్సన్ 1984లో పుస్తకం రాసి దీనికి ‘గెరిల్లా మార్కెటింగ్’ అని పేరు పెట్టాడు. పేరు అప్పటిదే గాని పని చాలా పాతది. ఆ పని తెలిసిన తెలుగువాడు ఒకాయన అంతకు 90 ఏళ్ల ముందే బొంబాయిలో వ్యాపారం మొదలుపెట్టాడు. ఆయన కథ చూస్తే ఏ వింత నిలుస్తుందో, ఏది నాలుగు రోజుల్లో గాలికి పోతుందో తేలుతుంది.

కృష్ణా జిల్లా ఎలకుర్రులో 1867లో పుట్టిన కాశీనాథుని నాగేశ్వరరావు పంతులు ఉద్యోగం వెతుక్కుంటూ కలకత్తా వెళ్లి, అక్కడినుంచి బొంబాయి చేరారు. 1893లో అక్కడే అమృతాంజనం తయారీ మొదలుపెట్టారు. ఆనాటి బొంబాయిలో తలనొప్పికి మందు అమ్మడమంటే పండరీలో చీర అమ్మినట్టే. సర్వరోగాలూ పోగొడతామనే పేటెంటు మందుల ప్రకటనలు పత్రికల నిండా ఉండేవి. ఎవరి మందు నిజమో, ఎవరిది బూటకమో చదివేవాడికి తెలిసే దారి లేదు. పంతులుగారు సంగీత కచేరీలకు వెళ్లి, వచ్చిన శ్రోతలకు ఆ మందు ఉచితంగా పంచిపెట్టారు. అమృతాంజనం జనంలోకి వెళ్లిన తొలి దారుల్లో ఇదొకటని ఆయన చరిత్ర రాసినవాళ్లు చెబుతారు.

ఉచితంగా ఇవ్వడం ఒక్కటే ఇందులో కిటుకు అనుకుంటే అసలు సంగతి జారిపోతుంది. కచేరీ గంటల తరబడి సాగేది. కదలకుండా కూర్చుంటే మెడ పట్టేస్తుంది, జనం ఉక్కకి తల బరువెక్కుతుంది. మందు అవసరమయ్యే చోటు అది. పైగా ఆ మందులో ఉన్నవి మెంథాల్, కర్పూరం, నీలగిరి తైలం వంటివి. కణతలకు రాసుకున్న కాసేపటికే ముందు చల్లగా, తర్వాత వెచ్చగా చురుక్కుమంటుంది. ఫలితం తెలియడానికి వారం ఆగనక్కర్లేదు, కచేరీ ముగిసేలోపే తెలిసిపోతుంది. దాని ఘాటు వాసన రాసుకున్నవాడి దగ్గరే ఆగేది కూడా కాదు, పక్క వరసకీ వెళ్లేది. వాసన తగిలినవాడు అదేమిటని అడిగితే, రాసుకున్నవాడే జవాబు చెప్పాలి. కూలి ఇవ్వకుండానే ఒక్కో శ్రోతా ఒక్కో ప్రచారకుడయ్యాడన్నమాట. అదే బలం మాత్రల్నో, నెల రోజులు తాగాల్సిన టానిక్కునో కచేరీలో పంచి ఉంటే జనం జేబులో వేసుకుని మరిచిపోయేవారు. చోటూ, సరుకూ, దాని గుణమూ ఒకదానితో ఒకటి కుదిరాయి కాబట్టే ఆ పంపకం ఫలించింది.

దీనికి ఒక అభ్యంతరం వస్తుంది. పంతులుగారికి సొంత పత్రిక ఉంది, రోజూ ప్రకటన వేసుకోగలిగారు, అసలు బలం దాని నుంచే వచ్చింది కదా అని. తేదీలు చూస్తే ఈ వాదన నిలవదు. ఆంధ్రపత్రిక బొంబాయిలో వారపత్రికగా వచ్చింది 1908లో, మద్రాసుకు మారి దినపత్రిక అయింది 1914లో. వారపత్రిక మొదలయ్యేనాటికే అమృతాంజనం పుట్టి పదిహేనేళ్లు. మందు అమ్మిన డబ్బే పత్రికను నిలబెట్టింది. ఆ తర్వాత 1924లో భారతి మాసపత్రికకూ, 1926లో ఆంధ్ర గ్రంథమాల ప్రచురణలకూ అదే ఆసరా. తెలుగు సాహిత్యానికి ఈ రాబడి ఎంత మేలు చేసిందో తలుచుకుంటే, కచేరీలో పంచిన ఆ కాస్త మందు విలువ లెక్కకు అందదు.

ఉచితంగా రుచి చూపించే పని ఆయనతోనే ఆగిపోలేదు. టీ అలవాటు లేని మన దేశంలో దాన్ని అమ్మడానికి ప్రభుత్వం 1903లో టీ సెస్సు చట్టం తెచ్చింది. ఆ సెస్సు డబ్బుతో రైల్వే స్టేషన్లలో, మిల్లుల్లో, బజార్లలో కాచిన టీ కప్పులు జనం చేతికి అందించారు. 1930ల్లో ఇంటింటికీ మనుషుల్ని పంపి టీ ఎలా కాయాలో చూపించారు. 1937లో వచ్చిన డాల్డా వనస్పతి కోసం డబ్బా ఆకారంలో వ్యాను తయారుచేసి వీధుల్లో తిప్పారు, దుకాణాలు పెట్టి దానితో వండిన వంటకాలు రుచి చూపించారు. మన పల్లెల్లోనూ ఈ తెలివి తక్కువేం కాదు. కొత్త సినిమా వస్తే బండికి పోస్టర్లు కట్టి, మైకులో పాటలు వేస్తూ, కరపత్రాలు విసురుతూ ఊళ్లమ్మట తిరిగేవారు. కరపత్రం కోసం బండి వెంట పరిగెత్తే పిల్లలు సాయంత్రం ఇంట్లో పెద్దల్ని సినిమాకి లాగేవారు. బొమ్మ బాగోలేకపోతే మాత్రం రెండో వారానికి ఏ బండీ హాలు నింపలేదు.

అన్నిటికన్నా గట్టి అభ్యంతరం ఇంకొకటి ఉంది: ఏ వింతనైనా రేపు పక్కవాడు ఎత్తుకుంటాడు. నిజమే. ఆషాఢం సేల్ చూడండి. తెలుగువాళ్లకు ఆషాఢం శూన్యమాసం. పెళ్లిళ్లు ఉండవు, బట్టల కొట్లు వెలవెలబోతాయి. కొనకూడని నెలలో కొనిపించడం ఒకప్పుడు సాహసమే. ఇవాళ విజయవాడలోనూ హైదరాబాదులోనూ ఆషాఢం తగ్గింపు బోర్డు లేని బట్టల కొట్టు కనబడితే ఆశ్చర్యపోవాలి. అందరూ చేస్తున్నారు కనుక ఎవరికీ ప్రత్యేకంగా ఒరిగేదేమీ లేదు. వింత వట్టి ధరలోనే ఉంటే దానికి ఇదే గతి. ఇంతకన్నా ఘోరం కూడా జరుగుతుంది. 2019 ఫిబ్రవరిలో సిద్దిపేటలో ఒక షాపింగ్ మాల్ పది రూపాయలకే చీర అని ప్రకటించింది. జనం ఎగబడి తొక్కిసలాట జరిగింది, ఆడవాళ్లు గాయపడ్డారు. ఆ ప్రకటన విన్నవాళ్లకు ఆ చీర నేత గురించి, రంగు గురించి తెలిసింది ఏమీ లేదు. మనుషుల అవసరాన్ని ఎరగా వేసి గుంపును పోగుచేయడాన్ని తెలివైన ప్రచారమని మెచ్చుకోవడం మానుకోవాలి.

ఎత్తుకోలేని వింత ఒకటుంది. సరుకును పరీక్షకు పెట్టడం. పక్కవాడు దాన్ని అనుకరించాలంటే ముందు అతని సరుకు ఆ పరీక్షలో నెగ్గాలి. లలితా జ్యువెలరీ యజమాని కిరణ్ కుమార్ సినిమా తారల్ని పక్కనబెట్టి తానే తెరమీదికి వచ్చి, డబ్బులు ఎవరికీ ఊరికే రావంటూ, వేరే కొట్లలో ధర పోల్చి చూసుకున్నాకే కొనమన్నారు. ఆ నగల మంచిచెడ్డల జోలికి నేను పోను. కొనేవాణ్ణి పోల్చుకోమని పురికొల్పే ప్రకటన మాత్రం పంతులుగారి కచేరీ పంపకానికి వారసురాలే. రెండింటిలోనూ చివరి మాట కొనేవాడిదే.

మందు రాసుకుని చూడొచ్చు, టీ తాగి చూడొచ్చు, బట్టను ఎలా రుచి చూపిస్తారు అని పండరీ వ్యాపారి అడగొచ్చు. దానికి ఛత్తీస్‌గఢ్ చేతిలోనే జవాబుంది. చాంపా నేతగాళ్ల కోసా పట్టుకు దేశమంతటా పేరుంది. దాని పక్కనే పట్టులా మెరిసే పాలిస్టరూ అమ్ముడుపోతుంది, కళ్లు మోసపోతాయి. చీర అంచునుంచి ఒక్క పోగు లాగి అగ్గిపుల్ల దగ్గర పెడితే చాలు. పట్టు పోగు కాలినప్పుడు జుట్టు కాలిన కమురు వాసన వస్తుంది, మిగిలిన బూడిదను వేళ్ల మధ్య నలిపితే పొడి అయిపోతుంది. పాలిస్టరు పోగు కరిగి ముడుచుకుపోయి గట్టి పూసలా మిగులుతుంది. అసలు పట్టని హామీ ఇచ్చే సిల్క్ మార్క్ చీటీ 2004 నుంచి ఉండగా అగ్గిపుల్ల ఎందుకని అడగొచ్చు. చీటీ ఉండాల్సిందే, కానీ దాని మీద నమ్మకం ఎక్కడో ఆఫీసులో పుట్టి ఇక్కడికి రావాలి. పోగు కాలడం కొనేవాడి కళ్ల ముందే జరుగుతుంది. అది చూసిన ఆడపడుచు ఇంటికెళ్లి పదిమందికి ఆ సంగతే చెబుతుంది. ఖర్చంటారా, ఒక అగ్గిపెట్టె, ఒక ఇత్తడి పళ్లెం.

కొట్టు గుమ్మంలో ఆ పళ్లెం పెట్టే ధైర్యం అసలు పట్టు అమ్మేవాడికే ఉంటుంది. పండరీలో కొత్తగా కొట్టు తెరిచేవాళ్లు డప్పులకూ, పది రూపాయల చీరలకూ డబ్బు పోసేముందు ఆ పరీక్షకు నిలిచే సరుకు తమ అరల్లో ఉందో లేదో చూసుకోవాలి.