దీవి నుంచి వచ్చిన ఇన్సులేషన్

ఎలక్ట్రీషియన్ సంచిలోని ‘ఇన్సులేషన్ టేపు’తో మన ఇళ్లలోకొచ్చిన ఈ మాటకు మూలం లాటిన్ ‘ఇన్సులా’. అంటే దీవి. చుట్టూ నీళ్లున్నా దేనికీ అంటకుండా నిలిచిన నేల. ‘ఐసొలేషన్’ కూడా ఆ ఇన్సులా సంతానమే. కాకపోతే ఇటాలియన్, ఫ్రెంచి ఊళ్లు తిరిగొచ్చింది. మన పాఠ్యపుస్తకాలు దీవి జోలికి పోకుండా ఇన్సులేటర్‌ను ‘విద్యుత్ బంధకం’ అన్నాయి.

ఈ అక్కచెల్లెళ్లిద్దరికీ ఒకేచోట పని కల్పించింది ఆప్టోకప్లర్. చాలా చార్జర్ల లోపల కనిపించే నాలుగు కాళ్ల చిన్న బిళ్ల. అందులో ఒకవైపు ఎల్‌ఈడీ, ఎదురుగా వెలుగు పడితే స్పందించే ట్రాన్సిస్టర్. నడుమ దాటేది వెలుగే, కరెంటు కాదు. పేరేమో జత కలిపే ‘కప్లర్’, పని మాత్రం విడిగా ఉంచడం!

పీసీ817 అనే ఆప్టోకప్లర్ డేటాషీటులో ఐసొలేషన్ 5000 వోల్టులని చూసి చాలామంది మురిసిపోతారు. అది ఒక్క నిమిషం పరీక్షకు తట్టుకునే లెక్క. ఏళ్ల తరబడి మోయగలిగేది అంతకంటే చాలా తక్కువ.

ఇంకో ముచ్చటైన మాట ‘క్రీపేజ్’. పాకడమనే క్రియలోంచి పుట్టింది. కరెంటు గాల్లో దూకాల్సిన దూరం క్లియరెన్స్. ఉపరితలం వెంట పాకాల్సిన దూరం క్రీపేజ్. దుమ్మూ చెమ్మా చేరితే ఆ పాకడం సులువవుతుంది. అందుకే కొన్ని బోర్డుల్లో ఆప్టోకప్లర్ కింద సన్నటి గాడి కోస్తారు. రిపేరు చేసేవాళ్లు దాన్ని పొరపాటున కూడా పూడ్చకండి.