కొలత చెడని బొమ్మ

ఉదయగిరి దుర్గాన్ని కొండ కింది నుంచి కనబడినట్టే గీస్తే దగ్గరి గోడ పెద్దదవుతుంది, దూరపు బురుజు చిన్నదవుతుంది. కంటికది నిజమే. కానీ గోడ ఎక్కడానికి నిచ్చెన ఎంత పొడుగుండాలో ఆ బొమ్మ చెప్పదు. 1514లో గజపతుల నుంచి ఈ దుర్గాన్ని గెలవడానికి శ్రీకృష్ణదేవరాయలు ఏడాదికి పైగా ముట్టడి సాగించాల్సి వచ్చింది.

ఆ శతాబ్దంలోనే యూరప్‌లో ఫిరంగులకు తట్టుకునే కోటలు కట్టే ఇంజనీర్లు చూపును పక్కనపెట్టి కొలతను పట్టుకున్నారు. కోట ప్లాన్‌ను ఉన్నదున్నట్టు కాస్త తిప్పి పెట్టి, ప్రతి మూల నుంచీ గోడ ఎత్తును నిలువుగా లేపారు. సమాంతర గీతలు ఎంత దూరం పోయినా కలవవు. వెనక గోడ మీద స్కేలు పెట్టినా లెక్క తప్పదు. చైనాలో సమాంతర గీతలను కలవనివ్వని తీరు అంతకు చాలా ముందుది. 12వ శతాబ్దపు చాంగ్ జెదువాన్ నదీతీర చిత్రంలో ఇళ్లు ఇలాగే ఉంటాయి. చుట్టిన పటాన్ని విప్పుకుంటూ చూసే బొమ్మకు ఒకేచోట నిలబడే కన్నుండదు కదా!

దీనికి గణితం తొడిగినవాడు కేంబ్రిడ్జి ప్రొఫెసర్ విలియం ఫారిష్. ఆయన అవే చక్రాలు, ఇరుసులతో పాఠానికో యంత్రం బిగించి చూపేవాడు. పాఠం కాగానే విప్పేయడమే. మళ్లీ బిగించాల్సిన సహాయకులకు ఏ ముక్క ఎక్కడిదో తెలియాలి. అందుకోసం పొడవు, వెడల్పు, ఎత్తు మూడూ ఒకే స్కేలులో పడే ఐసోమెట్రిక్ పద్ధతిని 1822లో ప్రచురించాడు. అసలు లెక్కన ప్రతి అంచూ 81.6 శాతానికి తగ్గాలి. మూడూ సమానంగానే తగ్గుతాయి గనక పూర్తి కొలతకే గీసేస్తారు. మన ఇంజనీరింగ్ మొదటి ఏడాది పిల్లలు 30 డిగ్రీల సెట్‌స్క్వేర్‌తో కుస్తీ పట్టేది దీనితోనే.

1899లో ఫ్రెంచివాడు ఒగూస్త్ ష్వాజీ భవనాలను నేల కిందనుంచి చూసినట్టు గీశాడు. ప్లాను, గోడలు, పైకప్పు ఒక్క బొమ్మలో ఇమిడాయి. 1923లో డచ్ కళాకారుడు వాన్ డూస్‌బర్గ్ బృందం పారిస్‌లో రంగురంగుల ఆక్సనోమెట్రిక్ ఇళ్లను, అంటే ఇలా సమాంతర గీతలు కలవకుండా గీసిన ఇళ్ల బొమ్మలను, ప్రదర్శించాక ఆ తరహా గీత ఆధునికుల ఫ్యాషనయింది. నాకైతే ఆ సోకుకన్నా ఫారిష్ అవసరమే ముఖ్యమనిపిస్తుంది.

ఇప్పుడు సీతారామపురంలాంటి చిన్న ఊళ్లలోనూ ఇల్లు కట్టేవాళ్లు నిగనిగలాడే త్రీడీ ఎలివేషన్ ప్రింటు చేయించుకుంటున్నారు. అది దాదాపు ఎప్పుడూ పర్‌స్పెక్టివే, అంటే దూరంగా ఉన్నది చిన్నదయ్యే బొమ్మే. యజమాని మురుస్తాడు, మేస్త్రీకి మాత్రం అందులో కొలత దొరకదు. మెట్లు మలుపు తిరిగేచోట ఒక్క ఐసోమెట్రిక్ గీసిస్తే ల్యాండింగ్ కింద తల తగులుతుందో లేదో సెంట్రింగ్ కొట్టకముందే తేలిపోతుంది.